యాంప్ కావాల్నా, వద్దా? హెడ్‌ఫోన్ డబ్బా మీది రెండు అంకెలతో తేలే లెక్క

హనుమకొండ, కాజీపేట హాస్టళ్లలో హెడ్‌ఫోన్ కొనే ముందు ఇదివరకు ధర గురించే మాట్లాడుకునేవారు. ఇప్పుడు ప్రశ్నలు మారాయి. “ఎన్ని ఓమ్స్‌ది తీసుకోవాలె?” “దీనికి విడిగ యాంప్ కావాల్నా?” “గేమ్‌ల అడుగుల సప్పుడు దేంట్ల మంచిగ ఇనబడ్తది?” ఒకే గదిలో ఉండే ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వస్తాయి. 250 ఓమ్స్ అయితేనే అసలైన సౌండ్ అని ఒకరు, యాంప్ (హెడ్‌ఫోన్‌కు శక్తినిచ్చే యాంప్లిఫయర్) లేకుంటే పెట్టిన డబ్బు దండగ అని ఇంకొకరు, 7.1 (చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్ ఉన్నట్టు వినిపించే సరౌండ్) అని రాసి ఉన్న గేమింగ్ హెడ్‌సెట్ ఒక్కటి చాలని మరొకరు.

ఈ గందరగోళానికి కొంత కారణం ఫోన్లే. 2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7 నుంచి 3.5 ఎంఎం జాక్ తీసేసింది. తర్వాత ఆండ్రాయిడ్ కంపెనీలు కూడా చాలా మోడళ్లలో అదే పని చేశాయి. అప్పటిదాకా ఫోన్ లోపల ఉండి హెడ్‌ఫోన్‌ను మోగిస్తూ ఎవరి దృష్టికీ రాని సర్క్యూట్ ఒకటి బయటికొచ్చి, డాంగిల్ పేరుతో విడిగా అమ్ముడుపోవడం మొదలైంది. విడిగా కొనాల్సి వచ్చేసరికి దానిలో మంచిదేది, బలమైనదేది అన్న చర్చ కూడా మొదలైంది.

యాంప్ అవసరమా కాదా అన్నది అభిరుచి మీద ఆధారపడే ప్రశ్న అని నేను అనుకోను. హెడ్‌ఫోన్ వివరాల్లో ఉండే రెండు అంకెలు, ఇంటర్‌లో చదివిన లాగరిథమ్ ఉంటే చాలావరకు కాగితం మీదే తేలిపోతుంది. అభిరుచి, గది, ఆడే ఆట ఇవన్నీ హెడ్‌ఫోన్ ఎంపికను నిర్ణయిస్తాయి. ఆ ఎంపిక అయ్యాకే యాంప్ మాట వస్తుంది. దుకాణంలోనూ, స్నేహితుల మధ్యా ఈ వరస తిరగబడటం వల్లే అనవసరపు ఖర్చు ఎక్కువగా జరుగుతోంది.

డాక్ చేసే పని, యాంప్ చేసే పని

ఫోన్‌లో ఉన్న పాట అంకెల వరస. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్లతో నమోదు చేసిన కొలతలు. ఆ అంకెలను వోల్టేజీగా మార్చేది డాక్ (డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్). అలా వచ్చిన వోల్టేజీకి హెడ్‌ఫోన్ లోపలి పొరను కదిలించేంత కరెంటు ఇచ్చే శక్తి ఉండదు. ఆ శక్తిని జతచేసేది యాంప్లిఫయర్. జాక్ ఉన్న ప్రతి ఫోన్‌లో, ప్రతి ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ ఉంటాయి. యూఎస్‌బీ-సి డాంగిల్‌లో కూడా బొటనవేలి గోరుకన్నా చిన్న చిప్‌లో రెండూ ఇమిడి ఉంటాయి. కాబట్టి “యాంప్ లేకుండా వినడం” అనేది ఎక్కడా లేదు. ఇప్పటికే ఉన్న చిన్న యాంప్ మన హెడ్‌ఫోన్‌కు సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

డాంగిల్ కొనేవాళ్లను తికమకపెట్టే సంగతి ఒకటుంది. చూడటానికి ఒకేలా ఉండే కొన్ని అడాప్టర్లలో చిప్ ఉండదు, వైర్లు మాత్రమే ఉంటాయి. యూఎస్‌బీ-సి పోర్టు నుంచి నేరుగా అనలాగ్ సౌండ్ పంపగల ఫోన్లలోనే అవి పనిచేస్తాయి. ఒక ఫోన్‌కు మోగిన అడాప్టర్ ఇంకో ఫోన్‌కు మోగకపోతే అది చెడిపోయిందని అర్థం కాదు.

ఓమ్స్ సగం సంగతే చెబుతాయి

కరెంటు ప్రవాహానికి హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో చెప్పేది ఇంపీడెన్స్. దాన్ని ఓమ్స్‌లో కొలుస్తారు. ఓమ్స్ ఎక్కువైతే అదే శక్తి అందడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి, కరెంటు తక్కువ సరిపోతుంది. తక్కువైతే వోల్టేజీ తక్కువ చాలు గానీ కరెంటు ఎక్కువ లాగుతుంది. నాణ్యతకూ ఈ అంకెకూ నేరుగా సంబంధం లేదు. బేయర్‌డైనమిక్ కంపెనీ డీటీ 770 ప్రో అనే ఒకే హెడ్‌ఫోన్‌ను 32, 80, 250 ఓమ్స్ రకాల్లో అమ్మింది. ఫోన్‌కు పెట్టుకునేవారికి ఒకటి, స్టూడియో పరికరాలకు కలుపుకునేవారికి మరొకటి అన్నది అందులోని ఆలోచన.

రెండో అంకె సెన్సిటివిటీ. కొంత శక్తి ఇస్తే హెడ్‌ఫోన్ ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో ఇది చెబుతుంది. చిక్కేమిటంటే దీన్ని రెండు రకాలుగా రాస్తారు. కొన్ని కంపెనీలు ఒక మిల్లీవాట్‌కు ఎన్ని డెసిబెల్స్ అని, కొన్ని ఒక వోల్ట్‌కు ఎన్ని డెసిబెల్స్ అని ఇస్తాయి. రెండూ ఒకటే అనుకుని పోల్చితే లెక్క మొత్తం తప్పుతుంది. 300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు మిల్లీవాట్‌కు 97 అంటే వోల్ట్‌కు సుమారు 102. అదే 97 అంకె 32 ఓమ్స్ హెడ్‌ఫోన్ మీద ఉంటే వోల్ట్‌కు 112 అవుతుంది. డబ్బా మీది అంకె ఒకటే, కానీ ఒకే ఫోన్‌కు పెట్టి వింటే రెండింటి మధ్య 10 డెసిబెల్స్ తేడా. చెవికి 32 ఓమ్స్‌ది దాదాపు రెట్టింపు బిగ్గరగా తోస్తుంది.

లెక్క చేయడానికి రెండు సూత్రాలు చాలు. శక్తి రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. శక్తి పది రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే చెవికి “డబుల్ సౌండ్” అనిపించాలంటే పది రెట్ల శక్తి పోయాలి. యాంప్ డబ్బా మీద వాట్లు రెండింతలు ఉన్నాయని సంబరపడితే దక్కేది 3 డెసిబెల్సే.

మూడు హెడ్‌ఫోన్లు, ఒకే కొలబద్ద

పాట సగటున 80 నుంచి 85 డెసిబెల్స్ దగ్గర వింటున్నామనుకుందాం. ఇది మామూలుకన్నా కాస్త బిగ్గరే. డోలు మీద దెబ్బ పడిన క్షణంలో శబ్దం సగటుకన్నా 20 డెసిబెల్స్ పైకి లేవవచ్చు. ఆ శిఖరాలు నలగకుండా వినిపించాలంటే యాంప్ 105 డెసిబెల్స్ దాకా అందుకోగలగాలి.

మొదట ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్. 38 ఓమ్స్, మిల్లీవాట్‌కు 99 డెసిబెల్స్. 105 కావాలంటే ఇంకా 6 పెరగాలి, అంటే నాలుగు రెట్ల శక్తి, 4 మిల్లీవాట్లు. 38 ఓమ్స్ మీద అది సుమారు 0.4 వోల్ట్, 10 మిల్లీఆంపియర్లు. గరిష్ఠంగా 1 వోల్ట్ ఇచ్చే మామూలు డాంగిల్ దీన్ని సునాయాసంగా మోగిస్తుంది. దీనికి విడిగా యాంప్ కొంటే శబ్దం విషయంలో అదనంగా వచ్చేది లేదు.

తర్వాత సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997 నుంచి దొరుకుతున్న ఈ హెడ్‌ఫోన్ 300 ఓమ్స్‌ది కావడంతో యాంప్ లేనిదే ముట్టుకోకూడదన్న పేరు పడింది. మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ అనుకుంటే 105కు సుమారు 6.3 మిల్లీవాట్లు, అంటే దాదాపు 1.4 వోల్ట్. కరెంటు 5 మిల్లీఆంపియర్లయినా అక్కర్లేదు. 1 వోల్ట్ డాంగిల్ దీన్ని 102 దాకా తీసుకుపోతుంది. 3 డెసిబెల్స్ తక్కువ పడుతుంది గానీ మూగబోదు. 2 వోల్ట్‌లు ఇచ్చే డాంగిల్ అయితే ఇబ్బందే లేదు. దీనికి యాంప్ ఉంటే మేలన్న మాటలో నిజం ఉంది. లేకపోతే పనికిరాదన్న మాటలో లేదు.

మూడోది హైఫైమాన్ హెచ్‌ఈ-6. ఇది ప్లానర్ రకం: పలుచని పొర మీద తీగలు పరిచి, రెండు వైపులా అయస్కాంతాలు పెట్టి కదిలిస్తారు. 50 ఓమ్సే. ఓమ్స్ మాత్రమే చూసేవాళ్లు ఫోన్‌కు సరిపోతుందనుకుంటారు. కానీ సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83.5. 105 చేరాలంటే 21.5 డెసిబెల్స్ పెరగాలి, సుమారు 141 మిల్లీవాట్లు. వోల్టేజీ 2.7 దగ్గర, కరెంటు 53 మిల్లీఆంపియర్లు. ఫోన్ డాంగిల్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. 300 ఓమ్స్ దానికన్నా 50 ఓమ్స్ దానికి ఇరవై రెట్లకు పైగా శక్తి కావలసి వచ్చింది. ఓమ్స్ పెరిగితే యాంప్ కావాలన్న సూత్రం నిలబడదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వినే పాటను బట్టి కూడా లెక్క మారుతుంది. ఇప్పటి సినిమా పాటల్లో చాలా వాటిని మాస్టరింగ్ చేసేటప్పుడే బాగా బిగించి, సగటుకూ శిఖరానికీ మధ్య దూరం తగ్గిస్తారు. ఆ తేడా 10 డెసిబెల్సే ఉంటే, సగటు 85 దగ్గర విన్నా శిఖరం 95 దాటదు. అప్పుడు హెచ్‌డీ 600కు అర వోల్ట్ కూడా అక్కర్లేదు. పెద్దగా బిగించకుండా రికార్డు చేసిన డప్పుల దరువు, ఒగ్గు కథ డోలు, బతుకమ్మ పాటలోని చప్పట్లు వేరు. పాడే గొంతు మామూలు స్థాయిలో ఉండగానే దెబ్బ ఒక్కసారిగా పైకి లేస్తుంది. యాంప్ చాలకపోతే ఆ దెబ్బ తల తెగిపోయి, డప్పు అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. మన జానపద రికార్డింగులు ఇష్టంగా వినేవారికి కాస్త మిగులు శక్తి ఉన్న యాంప్ నిజంగా ఉపయోగపడుతుంది. నాకు ముఖ్యంగా చెప్పాలనిపించిన మాటల్లో ఇదొకటి, ఎందుకంటే హెడ్‌ఫోన్ చర్చలన్నీ విదేశీ సంగీతం చుట్టూనే తిరుగుతాయి.

బలమైన యాంప్ చేసే చెడుపు

ఎక్కువ శక్తి ఉంటే నష్టమేముందని అడుగుతారు. చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్ల దగ్గర నష్టం ఉంది. వాటిలో కొన్ని వోల్ట్‌కు 120 డెసిబెల్స్ మోగుతాయి. ప్రతి యాంప్‌లోనూ పాట లేకపోయినా కొంచెం సొంత రొద ఉంటుంది. అది 10 మైక్రోవోల్ట్‌లు అనుకుంటే, ఆ ఇయర్‌ఫోన్‌లో 20 డెసిబెల్స్ సన్నని “హిస్స్” అవుతుంది. నిశ్శబ్దమైన రాత్రి అది తెలుస్తుంది. 1 మైక్రోవోల్ట్ రొద ఉన్న చిన్న డాంగిల్‌లో అదే 0 డెసిబెల్స్, వినపడదు. పైగా పెద్ద యాంప్‌లో నాబ్ కొంచెం తిప్పేసరికే చెవులు అదిరిపోతాయి. ఇలాంటి ఇయర్‌ఫోన్‌కు ఖరీదైన టేబుల్ యాంప్ కన్నా చవక డాంగిల్ మంచి జోడీ.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ అడగరు: యాంప్ సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్స్. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గర ఒకేలా ఉండదు. ఒకచోట పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది. యాంప్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉంటే ఆ ఎత్తుపల్లాలు శబ్దంలోకి దిగుతాయి. ఒక ఇయర్‌ఫోన్ కింది స్వరాల్లో 40 ఓమ్స్, పై స్వరాల్లో 5 ఓమ్స్ ఉందనుకుందాం. 10 ఓమ్స్ అవుట్‌పుట్ ఉన్న జాక్‌కు పెడితే కింది స్వరాలకు వోల్టేజీలో 80 శాతం అందుతుంది, పై స్వరాలకు 33 శాతమే. తేడా ఏడున్నర డెసిబెల్స్ పైనే. అదే ఇయర్‌ఫోన్, అదే పాట, కానీ గాయని గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. జాక్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదనే వాడుక సూత్రం ఇందుకే పుట్టింది. ఇప్పటి మంచి డాంగిళ్లలో ఇది 1 ఓమ్ అటూ ఇటూ ఉంటుంది. డెస్క్‌టాప్ క్యాబినెట్ ముందుండే జాక్‌లలో మాత్రం కొన్నిసార్లు పదుల ఓమ్స్ ఉంటుంది. ప్లానర్ హెడ్‌ఫోన్ల ఇంపీడెన్స్ దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

యాంప్ మారితే సంగీతం మారుతుందా

అసలైన తగువు ఇక్కడుంది. కొలతలను నమ్మేవారి వాదన ఇది: శక్తి సరిపోయి, రొద, వక్రీకరణ వినికిడి హద్దుకు కింద ఉండి, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువగా ఉన్న రెండు యాంప్‌లను ఒకే స్థాయిలో పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే మనిషి తేడా పట్టలేడు. సంవత్సరాలుగా వినేవారి వాదన వేరు: ఒక యాంప్‌లో గొంతు నిండుగా, ఇంకోదాంట్లో పలుచగా ఉంటుంది, చెవి అబద్ధమాడదు.

ఇద్దరి మాటలోనూ పట్టించుకోవాల్సింది ఉంది. పాత రకం ట్యూబ్ యాంప్‌ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. ఉదాహరణకు 120 ఓమ్స్ అవుట్‌పుట్ ఉన్న యాంప్‌కు హెచ్‌డీ 600 కలిపితే, దాని ఇంపీడెన్స్ 500 ఓమ్స్ దాటే 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక డెసిబెల్ దాకా ఎత్తు వస్తుంది. గొంతు నిండుగా ఉందన్నవారు లేనిది ఊహించుకోవడం లేదు. ఆ తేడాకు కారణం పైన చెప్పిన సూత్రమే. ఇంకో వైపు, రెండు యాంప్‌లను మార్చి మార్చి వినేటప్పుడు ఒకటి అర డెసిబెల్ బిగ్గరగా ఉన్నా దాన్ని మనం “బిగ్గర” అనుకోము, “బాగుంది” అనుకుంటాం. దుకాణంలో చేసే పోలికలు చాలావరకు ఇక్కడే దారి తప్పుతాయి. వోల్టేజీ కొలిచి స్థాయిలు సమం చేయని పోలికను నేను సాక్ష్యంగా తీసుకోను. నాబ్ తిప్పే సుఖం కోసం, రెండు హెడ్‌ఫోన్లు ఒకేసారి కలుపుకోవడం కోసం యాంప్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, అది వేరే లెక్క.

రెండు చెవులకూ వేర్వేరు వైర్ల జతలతో సిగ్నల్ పంపే 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్ గురించి కూడా ఇదే తీరులో మాట్లాడుకోవచ్చు. అందులో వోల్టేజీ రెట్టింపు దాకా వస్తుంది, అంటే 6 డెసిబెల్స్ మిగులు. హెచ్‌ఈ-6 లాంటివాటికి అది పనికొస్తుంది, ఎం50ఎక్స్‌కు అక్కర్లేదు.

కూలర్ నడిచే గదిలో వినేవారికి

హెడ్‌ఫోన్ స్వరాన్ని నిర్ణయించేది ముందుగా దాని డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), దాని చిప్ప, దాని మెత్త. చిప్ప వెనక మూసి ఉంటే క్లోజ్డ్ బ్యాక్, జాలీ ఉంటే ఓపెన్ బ్యాక్. ఓపెన్ వాటిలో శబ్దం తలలో ఇరుక్కున్నట్టు కాకుండా విశాలంగా తోస్తుందని చాలామంది అంటారు, చెవికి గాలి కూడా ఆడుతుంది. కానీ బయటి శబ్దం లోపలికి, లోపలి శబ్దం బయటికి యథేచ్ఛగా పోతుంది.

వరంగల్ ఎండాకాలంలో ఇది పుస్తకాల చర్చ కాదు. మే నెలలో 44 డిగ్రీల ఎండకు కిటికీలో కూలర్ పెట్టని గది ఉండదు. కూలర్ రొద గదిలో 60 డెసిబెల్స్ అనుకుందాం. ఓపెన్ హెడ్‌ఫోన్‌లో ఆ 60 దాదాపు అలాగే చెవికి చేరుతుంది. పాటలో మెల్లగా వినిపించే తంబుర, వీణ మీటు తర్వాత మిగిలే నాదం, గేమ్‌లో దూరపు అడుగులు అన్నీ దాని కింద పడిపోతాయి. మనిషి వాల్యూమ్ పెంచుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. 90కి చేరితే ఆ హద్దు 4 గంటలే. కూలర్‌ను గెలవడానికి పెంచిన 10 డెసిబెల్స్ వినే సమయాన్ని పదో వంతుకు కోసేస్తాయి. ఇలాంటి గదిలో ఓపెన్ హెడ్‌ఫోన్‌కు పెద్ద యాంప్ జోడించడం సమస్యను పరిష్కరించదు, చెవికి ప్రమాదాన్ని పెంచుతుంది.

క్లోజ్డ్ హెడ్‌ఫోన్ పై స్వరాల రొదను బాగా ఆపుతుంది, మోటార్ గుర్రు లాంటి కింది స్వరాలను అంతగా ఆపలేదు. ఆ కింది గుర్రును తగ్గించడంలో నాయిస్ క్యాన్సలింగ్ దిట్ట. అది మైకుతో బయటి శబ్దాన్ని విని, దానికి ఎదురు శబ్దాన్ని చెవిలో పుట్టిస్తుంది. ఏకధాటిగా సాగే ఫ్యాను, కూలర్, రైలు శబ్దం మీద బాగా పనిచేస్తుంది, పక్కవాళ్ల మాటల మీద తక్కువ. మెత్తల సంగతి కూడా చూడాలి. రెగ్జిన్ మెత్తలు చెవిని గట్టిగా మూస్తాయి, చెమట పట్టిస్తాయి. ముఖ్‌మల్ మెత్తలు చల్లగా ఉంటాయి, కొంచెం గాలి జారుతుంది. క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో అలా గాలి జారితే పోయేది బేస్. కళ్లద్దాల కాడ మెత్త కింద దూరి సందు చేసినా అంతే. బేస్ లేదని యాంప్ కొనేవారిలో కొందరి సమస్య నిజానికి కళ్లద్దాలది.

గేమ్‌లో దిక్కు ఎలా తెలుస్తుంది

కుడి వైపు నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి చేరడానికి మహా అయితే 0.7 మిల్లీసెకను ఆలస్యమవుతుంది. తల అడ్డుపడటంతో పై స్వరాలు ఆ చెవికి తగ్గి చేరతాయి. ఈ రెండు ఆధారాలతో మెదడు ఎడమ, కుడి పసిగడుతుందని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ముందు, వెనక, పైన, కింద అన్న తేడా చెవి దొప్ప మడతల వల్ల తెలుస్తుంది. వచ్చిన దిక్కును బట్టి ఆ మడతలు శబ్దం రంగు మారుస్తాయి. ఈ మొత్తం మార్పును లెక్కగా రాసినదే హెచ్‌ఆర్‌టీఎఫ్.

కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటి ఆటలు ఈ లెక్కను తామే వేసి, రెండు చెవులకు తగిన రెండు చానళ్లు తయారు చేసి పంపగలవు. అంటే దిక్కు సమాచారం ఆటలోనే పుడుతుంది. 7.1 అని రాసిన హెడ్‌సెట్లలో చాలావాటికి ఉండేది చెవికొక డ్రైవరే. మిగతాది సాఫ్ట్‌వేర్ చేసే ఇలాంటి లెక్కే. ఆట ఒకసారి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ మరోసారి అదే లెక్క వేస్తే దిక్కు మసకబారుతుంది, వెనక నుంచి వచ్చే అడుగులు పక్కనుంచి వచ్చినట్టుంటాయి. సొంత హెచ్‌ఆర్‌టీఎఫ్ లేని పాత ఆటల్లో మాత్రం ఆ 7.1 సాఫ్ట్‌వేర్ మేలు చేయవచ్చు. ఒక సగటు తలను, సగటు చెవిని ఊహించి వేసిన లెక్క కాబట్టి అందరికీ ఒకేలా కుదరదు. “నాకైతే మంచిగ తెలుస్తది”, “నాకైతే ఏం తెల్వది” అనే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఓపెన్ బ్యాక్‌తో దిక్కు మెరుగ్గా తెలుస్తుందన్నది మాత్రం గట్టిగా తేలిన విషయం కాదు. విశాలంగా అనిపించడం ఒకటి, గురి కుదరడం మరొకటి.

దిక్కుకన్నా ముందు ఆలస్యం సంగతి చూడాలి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనక వస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. 200 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే 12 ఫ్రేములు. తుపాకీ పేలిన చప్పుడు వచ్చేసరికి తెర మీద కథ మారిపోయి ఉంటుంది. సినిమా చూస్తే ఈ తేడా ఎందుకు తెలియదంటే, వీడియో యాప్ బొమ్మను కూడా అంతసేపు ఆపి రెండింటినీ కలుపుతుంది. ఆటలో బొమ్మను ఆపే వీల్లేదు. ఫోన్‌లో షూటింగ్ ఆట బీజీఎంఐ ఆడేవారు వైరు ఇయర్‌ఫోన్ వదలకపోవడానికి కారణం ఇదే. సొంత యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ హెడ్‌సెట్లు బ్లూటూత్ కన్నా ఎంతో వేగంగా పనిచేస్తాయి.

బ్లూటూత్‌లో మైకు ఆన్ చేయగానే పాట నాణ్యత ఒక్కసారిగా పడిపోవడం కూడా చాలామందికి అంతుపట్టదు. పాత బ్లూటూత్ పద్ధతిలో మంచి స్టీరియో ఒకవైపు దారి మాత్రమే. మైకు కావాలంటే ఫోన్ కాల్ పద్ధతికి మారాలి. అక్కడ శబ్దం మోనో, సెకనుకు 8 వేలు లేదా 16 వేల నమూనాలే. దిక్కు సమాచారం మొత్తం అక్కడ ఆవిరైపోతుంది. హెడ్‌సెట్ ఎంత ఖరీదైనదైనా అంతే. కొత్త ఎల్ఈ ఆడియో పద్ధతి దీన్ని సరిచేయగలదు, కానీ ఫోన్, హెడ్‌సెట్ రెండింటిలోనూ అది ఉండాలి.

గుంయ్ అనే రొద ఎక్కడిది

యాంప్ కొన్న తర్వాత “గుంయ్” అని రొద వస్తోందనే ఫిర్యాదు మన దగ్గర ఎక్కువ. కారణం యాంప్ లోపల కాకుండా గోడ సాకెట్‌లో ఉండవచ్చు. ఎర్తింగ్ లేని సాకెట్‌లో రెండు పిన్నుల ఛార్జర్‌తో ల్యాప్‌టాప్ నడుస్తుంటే మెటల్ బాడీ మీద చెయ్యి పెట్టగానే సన్నగా జుమ్మంటుంది. ఆ లీకేజీ కరెంటు ఆడియో వైర్లలోకి చేరితే రొదగా వినిపిస్తుంది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపినప్పుడు రొద ఆగిపోతే దోషి దొరికినట్టే. దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంది. డెస్క్‌టాప్ ఒక సాకెట్‌లో, యాంప్ ఇంకో సాకెట్‌లో, రెండింటికీ ఎర్త్ ఉండి, మధ్యలో ఆడియో కేబుల్ కలిస్తే గ్రౌండ్ లూప్ ఏర్పడి 50 హెర్ట్జ్ గుర్రు మొదలవుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మారిస్తే చాలాసార్లు తగ్గుతుంది. ఎర్త్ పిన్ను విరిచేస్తే రొద పోతుందని చెప్పేవారున్నారు. రొద పోవచ్చు, కానీ షాక్ నుంచి కాపాడే తీగ కూడా దాంతోనే పోతుంది.

మౌస్ కదిపినప్పుడు, గేమ్ బరువెక్కినప్పుడు వచ్చే కీచు వేరు. అది మదర్‌బోర్డు లోపలి విద్యుత్ అలజడి. దానికి బయటి డాక్ నిజంగా మందు. అక్కడ డబ్బు కొనేది శక్తిని కాదు, నిశ్శబ్దాన్ని.

బేస్ కోసం యాంప్ కొనాలనుకునేవారి లెక్క

ఇక ఎక్కువమంది యాంప్ వైపు చూసే కారణం బేస్. మంచి యాంప్ వచ్చినదాన్ని వచ్చినట్టు పెద్దది చేస్తుంది, బేస్‌ను విడిగా పెంచదు. ఆ పని ఈక్వలైజర్‌ది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫోన్లలో ఇలాంటి యాప్‌లున్నాయి. చాలామంది శ్రోతలకు నచ్చే స్వరరేఖ (కింది, మధ్య, పై స్వరాల పాళ్లు) ఎలా ఉంటుందన్నదాని మీద షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలో చేసిన పరిశోధనలో కూడా బేస్ కాస్త ఎత్తుగా ఉన్నదానికే మొగ్గు కనిపించింది. బేస్ కోరుకోవడం లోపమేమీ కాదు.

ఈక్వలైజర్ పెట్టినప్పుడు యాంప్ లెక్క మళ్లీ వేయాలి. సుబేదారిలో అద్దె గదిలో ఉండే విద్యార్థి సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ కొన్నాడనుకుందాం. 120 ఓమ్స్, వోల్ట్‌కు 110 డెసిబెల్స్. 105 శిఖరానికి కావాల్సింది 0.56 వోల్ట్. 1 వోల్ట్ డాంగిల్‌లో దాదాపు 5 డెసిబెల్స్ మిగులుంది. ఇప్పుడతను బేస్ 6 డెసిబెల్స్ పెంచాడు. అంకెల వరస హద్దు దాటి నలగకుండా ఈక్వలైజర్‌లో మొత్తం స్థాయిని 6 డెసిబెల్స్ దించాడు. పాటను మళ్లీ పాత స్థాయికి తేవాలంటే వోల్టేజీ రెట్టింపు కావాలి, 1.12 వోల్ట్. డాంగిల్ 1 వోల్ట్ దగ్గరే ఆగిపోతుంది, డెసిబెల్ తక్కువ పడుతుంది. అతను వినేది బిగించిన సినిమా పాటలైతే వాటి శిఖరాలు 95 దాటవు కాబట్టి ఆ తక్కువ ఎప్పటికీ తెలియదు. డప్పు రికార్డింగులు బిగ్గరగా వినేవాడైతే 2 వోల్ట్‌ల డాంగిల్‌కు మారడంతో పని తీరుతుంది, టేబుల్ యాంప్ దాకా పోనక్కర్లేదు.